అద్దం అవతలి మాట

ఒంటిగంటా ఇరవై ఎనిమిది నిమిషాలకు డాక్టర్ ప్రమీల కుర్చీలోంచి నేలమీదికి జారిపోయింది.

అంతకు రెండు నిమిషాల ముందు, గిన్నెలు కడిగే మనిషి ఒకడు ఆ అద్దాల గదిలోకి దూసుకొచ్చాడు. నురగ కారుతున్న చేత్తో ఆమె ముందున్న పళ్లాన్ని నేలకేసి కొట్టాడు.

"తినకు బిడ్డా! పల్లి కలిసింది!"

ఆమె అప్పటికే మూడు ముద్దలు తిన్నది.

వేరుశెనగ ఆమె ఒంటికి విషం. చిటికెడు చాలు, గొంతు వాచి ఊపిరి ఆగిపోతుంది. అందుకే హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ ఒక ఎర్ర డబ్బీ ఉంటుంది. అందులో అడ్రినలిన్ నింపిన సిరంజి. ఆమె పడిపోగానే భర్త రఘుపతి బ్యాగ్ మొత్తం టేబుల్ మీద కుమ్మరించాడు.

ఎర్ర డబ్బీ లేదు.

అంబులెన్స్ వచ్చేసరికి ఒంటిగంటా నలభై ఒకటి. అప్పటికి ఆమె పెదాలు నీలంగా మారాయి.

*

సబ్‌ఇన్‌స్పెక్టర్ విజేత 'సప్తపర్ణి' రెస్టారెంట్ మెట్లెక్కేసరికి రెండుంబావు.

సూరత్‌లోని వేసూలో ఆ వీధి వాళ్లంతా గొప్పగా చెప్పుకునే హోటల్ అది. పది టేబుళ్లు, ఒక అద్దాల గది. తెలంగాణ ఇంటి వంటల్ని అరచేతిలో పట్టే పళ్లాల్లో పెట్టి, మనిషికి నాలుగున్నర వేలు తీసుకుంటారు. ఆదివారం మధ్యాహ్నం కావాలంటే పది రోజుల ముందే చెప్పాలి.

ఇన్‌స్పెక్టర్ రాణా అప్పటికే లోపల ఉన్నాడు. పక్కా సూరతీ. మెనూ కార్డు చదువుతూ తల అడ్డంగా ఊపుతున్నాడు.

"విజేతాబెన్, ఒక ఇడ్లీ, దాని పక్కన చెంచాడు పొడి. దీనికింత రేటా? మా ఇంట్లో ఉంధియు కూర వండితే గల్లీ అంతా తింటుంది." కార్డు మూశాడు. గొంతు మారింది. "ఆవిడ ఐసీయూలో ఉంది. బతుకుతుందో లేదో చెప్పలేమంటున్నారు. పేరున్న డాక్టరు. కమిషనర్ ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. ఏడింటికల్లా అరెస్టు చూపించాలి."

"ఎవర్ని?"

"మనిషి దొరికాడుగా. మీవాడే. తెలుగు."

స్టోర్‌రూమ్‌లో ఉల్లిపాయల బస్తా మీద కూర్చోబెట్టారు అతన్ని. మొండయ్య. యాభై ఎనిమిదేళ్లు. భేస్తాన్‌లో ఇల్లు. ఈ హోటల్లో చేరి మూడు నెలలు.

రాణా వేళ్లు మడిచాడు.

"ఒకటి. పల్లి కలిసిందని ఆమె పడిపోకముందే వీడికి తెలుసు. రెండు. పోయిన సిరంజి డబ్బీ వీడి సింకు పక్కన, ఎంగిలి పళ్లాల టబ్బులో, ఒక నేప్‌కిన్ మడతలో దొరికింది. మూడు. ఇవాళ ఈ వంటింట్లో ఒక్క పల్లి గింజ లేదు, ఆవిడ వస్తోందని ఓనరు అంతా తీయించేశాడు. ఉన్నదల్లా వీడి టిఫిన్ డబ్బాలో. పల్లీ చట్నీ."

విజేత అద్దాల గదిలోకి వెళ్లింది.

మూడు కుర్చీలు. మూడు నేతి గిన్నెలు. రెండు పళ్లాలు టేబుల్ మీద, ఒకటి నేలమీద. ఏసీ పద్దెనిమిదిలో ఉంది, ఎవరూ ఆపలేదు. చలికి రెండు గిన్నెల్లో నెయ్యి తెల్లగా గడ్డకట్టింది. ప్రమీల కుర్చీ ముందున్న మూడో గిన్నెను విజేత వేలితో కదిలించింది. అది తొణికింది.

ఫోటో తీసుకుంది. గిన్నెకు సీల్ వేయించింది.

గది గోడలు నడుము ఎత్తు దాకా చెక్క, పైన అద్దం. ఎదురుగా హాలు, హాలు దాటితే వంటింటి అద్దం, దాని వెనక మొండయ్య సింకు. టేపు పెట్టి కొలిపించింది. పదకొండు మీటర్లు.

*

ఓనరు ప్రణీత్‌కు ముప్పై ఆరేళ్లు. జగిత్యాల కుర్రాడు. చెఫ్ కోటు గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నాడు.

"మేడం పళ్లెం ఎవరు సర్దారు?"

"నేనే. మిగతావాళ్లకు నువ్వుల పొడి, ఆమెకు అవిసె పొడి. విడిగా నూరాను. నా కూతురికి పెట్టినంత జాగ్రత్తగా పెట్టాను."

"నెయ్యి?"

"ముగ్గురికీ ఒకే కుండలోది."

"మొండయ్య ఎలాంటి మనిషి?"

ప్రణీత్ తటపటాయించాడు. "పని బాగా చేస్తాడు. కాకపోతే పొగరు. వెనకనుంచి పదిసార్లు పిలిచినా పలకడు. వేడి గిన్నెతో వస్తున్నా, తప్పుకో అని అరిస్తే కూడా కదలడు. నిన్ననే అన్నాను, ఇంకోసారి ఇట్లా చేస్తే పంపించేస్తానని."

రాణా విజేత వంక చూశాడు. చూశావా, అన్నట్టు.

తర్వాత రఘుపతి. ఆసుపత్రి నుంచి రప్పించారు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. రంగుల మిల్లులకు రసాయనాలు సరఫరా చేస్తాడు.

"ఇవాళ భోజనానికి రావాలని ఎవరు అన్నారు?"

"ప్రమీలే. దశరథతో మాట్లాడాలంది. ల్యాబ్ రిపోర్టుల గురించేదో. రేపు సోమవారం గవర్నమెంటు ఆఫీసుకు పోతా, ఈలోపు అతనికి ఒక్క అవకాశం ఇస్తా అంది. వివరాలు నాకు చెప్పలేదు."

"పళ్లాలు వచ్చాక మీరెందుకు బయటికి వెళ్లారు?"

"ఫోన్ వచ్చింది. ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీ నుంచి. ప్రమీల అప్పుడే చేతులు కడుక్కోవడానికి లేచింది. చేత్తో తినాలనే కదా ఇక్కడికి వస్తాం." హఠాత్తుగా అతని మాట పగిలింది. "ఆ గిన్నెలు కడిగేవాడిని నా ముందుకు తీసుకురండి. ఒక్క నిమిషం. చాలు."

హాలులోని కెమెరా లెక్క తేల్చింది. 1:20కి ప్రమీల గదిలోంచి లేచింది. 1:21కి రఘుపతి. 1:24కి వెయిటర్ వచ్చి మొదటి విడత ఎంగిలి పళ్లాలు ట్రేలో తీసుకెళ్లాడు. అదే నిమిషంలో భార్యాభర్తలు తిరిగొచ్చారు.

మధ్యలో గదిలో ఒక్కడే ఉన్నాడు. డాక్టర్ దశరథ. ప్రమీల డయాగ్నోస్టిక్ ల్యాబ్‌లో పార్ట్‌నర్.

కెమెరా గదికి వెనక మూలన ఉంది, అందులో అతని వీపు మాత్రమే కనిపిస్తోంది; ముఖం వంటింటి వైపు ఉంది. టేబుల్ చెక్క గోడ చాటున పడింది.

దశరథ నిబ్బరంగా ఉన్నాడు. ప్రమీల ఛాతీ నొక్కుతూ అంబులెన్స్ దాకా వెళ్లినవాడు అతనే. చొక్కా చెమటకు తడిసి ఆరింది.

"ఆ మూడు నిమిషాలు ఏం చేశారు?"

"ఫోన్ మాట్లాడాను. చూసుకోండి." అడగకుండానే ఫోన్ అందించాడు. 1:22. వినోద్. నలభై ఎనిమిది సెకన్లు. "మా ల్యాబ్ టెక్నీషియన్. ఒక శాంపిల్ గురించి."

"ఏ భాషలో?"

"తెలుగులో. ఎందుకు?"

"ఊరికే. జేబులు చూడొచ్చా?"

"తప్పకుండా."

జేబుల్లో పర్సు, కారు తాళం, చూయింగ్ గమ్. అంతే.

*

స్టోర్‌రూమ్ తలుపు మూసి, విజేత మొండయ్య ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"కాకా, ఏ ఊరు?"

ఆ పలకరింపుకు అతని భుజాలు కొంచెం దిగాయి. "సిరిసిల్ల దిక్కు, మేడం. ఇరవై రెండేండ్లప్పుడు ఈడికొచ్చిన. ముప్పయ్యారేండ్లు బట్ట నేసే సాంచలు నడిపిన. దగ్గరి పోగులు కండ్లకు ఆనకపోతె గీ పనిల జేరిన."

"పల్లి కలిసిందని నీకెట్ల తెలిసింది?"

"గా డాక్టర్ సాబ్ ఫోన్ల చెప్పిండు. పల్లి నూనె పోసిన, సూది డబ్బ గిట్ల తీసేసిన, ఇగ పది నిమిషాలల్ల అయిపోతది అన్నడు. గా బిడ్డ లేసి పోంగనే. ఎవలకో ముందుగాల సమజ్ గాలె, గా బిడ్డ తినవట్టంగ చూసి ఉరికిన."

"నువ్వు విన్నవా?"

అతని కళ్లు ఒక్క క్షణం నేలకు దిగాయి. "విన్న."

"ఎక్కడ నిలబడి?"

"గా అద్దం రూము తలుపుకాడ."

"కాకా, హాల్ల కెమెరా ఉంది. ఒకటీ ఇరవై ఆరు దాకా నువ్వు సింకు ఇడిచి కదలలే."

మొండయ్య తడి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"చెప్పు. సింకు కాడనుంచే విన్నవా?"

"ఆ. ఈడనుంచే విన్న."

"రెండు అద్దాలు అడ్డం. నీ పక్కన మిషన్ నడుస్తుంది."

"విన్న మేడం. నా చెవులు మంచిగనే ఉన్నయ్. కాయిదం గుడ ఉన్నది."

పరీక్ష పెట్టింది. కానిస్టేబుల్ హసముఖ్‌ను అద్దాల గదిలో కూర్చోబెట్టి, తలుపు మూయించి, నోటికొచ్చింది గట్టిగా అరవమంది. తను సింకు దగ్గర నిలబడింది. పక్కన బేడీలు లేని మొండయ్య, అతని పక్కన రాణా. గిన్నెలు కడిగే మిషన్ తిప్పారు.

అవతల హసముఖ్ నోరు పెద్దగా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. చేతులూపుతున్నాడు.

ఇవతల మిషన్ హోరు తప్ప ఏమీ లేదు.

విజేత పక్కకు చూసింది. మొండయ్య పెదాల చివర చిన్న నవ్వు వచ్చి పోయింది. ఇంత కష్టంలో నవ్వేమిటి? ఆమెకు చిరాకేసింది.

హాలు అవతల దశరథ చేతులు కట్టుకుని అంతా చూశాడు. రాణా దగ్గరికొచ్చి హిందీలో అన్నాడు. "ఇన్ని అద్దాల అవతలి నుంచి వింటాడట. ఈయన చెవికి ఏం మందు వాడుతున్నాడో కనుక్కుని చెప్పండి సాహెబ్, నా పేషెంట్లకు రాస్తాను."

రాణా నవ్వాడు. తర్వాత విజేత వైపు తిరిగాడు.

"నాకైతే తేలిపోయింది. తన డబ్బాలోంచి తింటున్నాడు, ఆ చేత్తోనే ఆమె పళ్లెం ముట్టుకున్నాడు. తప్పు తెలిసింది. భయపడి పరిగెత్తాడు. ఇప్పుడు ఒక పెద్దమనిషి మీదికి తోస్తున్నాడు."

"మరి సిరంజి డబ్బీ టబ్బులోకి ఎలా వచ్చింది?"

"అదీ వాడే చెబుతాడు. స్టేషన్‌కు పదండి."

జీపులో ఆమె ముందు సీట్లోంచి, వెనక్కి తిరగకుండానే రెండుసార్లు అడిగింది. "కాకా, నిజం చెప్తె నేను నీ దిక్కు నిలబడ్త. విన్నది అబద్ధం కదా?"

జవాబు లేదు.

"ప్రణీత్ చెప్పింది నిజమే," అన్నాడు రాణా. "పొగరు."

*

మూడూ యాభై.

స్టేషన్ వెనక గది కిటికీకి ఊచలు. కిటికీ బయట పెరడు, పెరడు అవతల గేటు. మొండయ్య కిటికీ వైపు ముఖం పెట్టి బెంచీ మీద కూర్చున్నాడు. విజేత అతని వాంగ్మూలం మళ్లీ చదువుతోంది. అబద్ధం తప్ప అందులో ఏమీ లేదు. కానీ అబద్ధం ఆడేవాడు పల్లి 'నూనె' అని ఎందుకంటాడు? తన డబ్బాలో ఉన్నది చట్నీ కదా?

"పొద్దుగాల ఏసుకున్న," అన్నాడు మొండయ్య హఠాత్తుగా. "బీపీ గోలి. నువ్వు ఇంటికి వో. ఎండల నిలవడకు."

విజేత తలెత్తింది. "ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

అతను ఉలిక్కిపడి నోరు మూసుకున్నాడు.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది. పెరడు అవతల, ఇరవై మీటర్ల దూరంలో, గేటు ఊచలు పట్టుకుని ఒక నడివయసు ఆవిడ నిలబడి ఉంది. సెంట్రీ ఆమెను లోపలికి రానివ్వడం లేదు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆవిడ నోరు కదులుతోంది. గొంతు మాత్రం లేదు. అరవడం లేదు, ఊరికే పెదాలు కదుపుతోంది.

విజేత ఊచలు పట్టుకుని ఆ పెదాలనే చూసింది.

తన చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చింది. పాండేసరలో ఒక్క గది. నాన్న సాంచల మీద రాత్రి షిఫ్టు చేసి వచ్చేవాడు. తమ్ముళ్లు లేస్తారని అమ్మా నాన్నా గొంతు లేకుండా మాట్లాడుకునేవాళ్లు. గొడవలు కూడా అలాగే పడేవాళ్లు. ఒక్క చప్పుడు ఉండేది కాదు. చివరకు అమ్మ కోపంతో అటు తిరిగి పడుకుంటే నాన్న ఓడిపోయినట్టు. ఆమె ముఖం కనబడకపోతే ఆయనకు మాట్లాడే దారి లేదు.

ఆమె గేటు దాకా పరిగెత్తింది.

"అమ్మా, మీ పేరు?"

"సారక్క. ఆయన పెండ్లాన్ని." ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏం జేసిండని మేడం మావోన్ని పట్టుకొచ్చిండ్రు? చీమకు గుడ అపకారం చెయ్యడు."

"ఆయనకు చెవులు వినవడ్తయా?"

సారక్క నోరు గట్టిగా బిగించింది.

"సారక్కా, నేను సాంచల ఆడెపు రాజేశం బిడ్డను. మా నాయినకు గుడ వినవడకపోయేది."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పదేండ్లాయె మేడం. చెప్పొద్దన్నడు. చెవిటోడని తెలిస్తె ఓటల్ల ఉంచుకుంటరా? ల్యాబుల చెవులు మంచిగున్నయని కాయిదం రాసిచ్చిండ్రు. అది అబద్ధం అని బయటవడితె దొంగ కాయిదం పెట్టినవని జేల్ల ఏస్తరని ఆయనకు బుగులు."

"ఏ ల్యాబు?"

"ఓటలోల్లే పంపిండ్రు. రక్తం తీసిండ్రట, ఫోటో దిగిండ్రట. గంతే."

నాలుగూ ఐదుకు విజేత ప్రణీత్‌కు ఫోన్ చేసింది. పనివాళ్ల ఫిట్‌నెస్ కాగితాల ఫైలు కావాలి, ఇప్పుడే. నాలుగూ పదికి హసముఖ్‌కు రెండు పనులు చెప్పింది. అద్దాల గదిలో నూనె పట్టే చిన్న వస్తువు ఏదైనా సరే వెతకాలి. తర్వాత వెళ్లి వినోద్‌ను తీసుకురావాలి. నాలుగున్నరకు మొండయ్యను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి, చెవుల విభాగం డ్యూటీ డాక్టర్ ముందు నిలబడింది. ఆదివారం వినికిడి పరీక్ష మిషన్ గది తాళం తీయలేమన్నారు. ఆమె కదలకపోతే తీశారు.

రాణా ఫోన్ చేశాడు. "ఎక్కడున్నావ్? ఏడింటికి సంతకం పెట్టాలి."

"ఆరున్నరకు ఐసీయూ దగ్గరికి రండి సార్. అందర్నీ రమ్మన్నాను."

*

ఆరూ ముప్పై రెండు.

ఐసీయూ ముందు కారిడార్. ప్రమీలకు స్పృహ వచ్చి గంటయింది. గొంతు ఇంకా వాచే ఉంది. మాట రాదు. కలం చేతికిస్తే పట్టుకోలేకపోతోంది. రేపు ఉదయం దాకా ఎవర్నీ లోపలికి పంపేది లేదని పెద్ద డాక్టరు తేల్చి చెప్పాడు. అద్దం బయట రెండు నిమిషాలు నిలబడటానికి మాత్రం ఒప్పుకున్నాడు.

రఘుపతి అద్దానికి నుదురు ఆనించి ఉన్నాడు. ప్రణీత్ గోడవారగా. రాణా గడియారం చూసుకుంటున్నాడు. దశరథ పూలగుత్తితో వచ్చాడు. ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య మొండయ్య.

"విజేతాబెన్, త్వరగా," అన్నాడు రాణా.

"మొదటిది నెయ్యి, సార్. ముగ్గురికీ ఒకే కుండలోంచి పోశారు. చల్లని గదిలో రెండు గిన్నెలు గడ్డకట్టాయి. ప్రమీల గిన్నె గడ్డకట్టలేదు. అందులో నూనె కలిసింది. మొండయ్య డబ్బాలో ఉన్నది చట్నీ. చట్నీలోంచి నూనె రాదు."

"నూనె వంటింట్లోంచి రావచ్చుగా," అన్నాడు దశరథ.

"వంటింట్లో పల్లి నూనె లేదు. అద్దాల గదిలో మొక్క కుండీ ఉంది. దాని గులకరాళ్ల కింద ఇది దొరికింది." పారదర్శకమైన కవరు ఎత్తి చూపింది. లోపల రబ్బరు మూత ఉన్న పది మిల్లీలీటర్ల గాజు గొట్టం. అడుగున పసుపు చుక్క. "మీ ల్యాబ్ లేబుల్ చింపినా జిగురుకు దాని ముక్క మిగిలింది డాక్టర్ గారూ."

"మా ల్యాబ్ గొట్టాలు సూరత్‌లో సగం ఆసుపత్రుల్లో ఉంటాయి."

"ఉంటాయి. ఇక సిరంజి డబ్బీ. నేప్‌కిన్‌లో చుట్టి ఎంగిలి ట్రేలో పెడితే చాలు, వెయిటరే మోసుకెళ్లి మొండయ్య టబ్బులో పడేస్తాడు. 1:24కి అదే జరిగింది."

"ఊహ," అన్నాడు దశరథ. "వీడు విన్నానన్నది అబద్ధమని మీ పరీక్షలోనే తేలింది."

"నిజమే. ఆయన వినలేదు." విజేత ఒక కాగితం రాణా చేతికిచ్చింది. "ప్రభుత్వాసుపత్రి రిపోర్టు. రెండు చెవులూ దాదాపు పోయాయి. ముప్పై ఆరేళ్ల సాంచల చప్పుడు. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు సార్. అందుకని సాంచల మీద పనిచేసేవాళ్లు మాటను చూస్తారు. పెదాలు చూసి చదువుతారు. నాలుగు మగ్గాల అవతల ఉన్నవాడితో పెళ్లి సంబంధాలు కూడా మాట్లాడుకుంటారు. మా ఇంట్లో రోజూ చూశాను నేను. మధ్యాహ్నం మాత్రం నాకు తట్టలేదు."

ఆమె హసముఖ్ వైపు తిరిగింది. "ఆ గదిలో ఏమని అరిచావ్?"

హసముఖ్ ఇబ్బందిగా కదిలాడు. "అదీ... ఊరికే మేడమ్..."

"మొండయ్య కాకా, ఈయన ఏమన్నడు?" ఆమె అతని ఎదురుగా నిలబడి అడిగింది.

మొండయ్య తల గోక్కున్నాడు. "ఆకలైతుంది, రాణా సాబ్ మెనూ సదువుతనే ఉంటడు, తినవెట్టడు అన్నడు. గుజరాతీల."

రాణా ముఖం ఎర్రబడింది. హసముఖ్ సీలింగ్ వైపు చూశాడు.

"అందుకే అప్పుడు నవ్వాడు," అంది విజేత. "వెనకనుంచి పిలిస్తే పలకకపోవడం పొగరు కాదు. జీపులో జవాబు చెప్పకపోవడం మొండితనం కాదు. నేనటు తిరిగి అడిగాను."

"మరి విన్నానని ఎందుకన్నాడు?" రాణా అడిగాడు.

"చెవిటివాడని తెలిస్తే పని పోతుంది. చెవులు బాగున్నాయన్న కాగితం అబద్ధమైతే జైలు. ఆ కాగితం ఇది." ప్రణీత్ ఫైలులోని పేజీ పైకెత్తింది. "జూన్ పద్నాలుగు. వినికిడి, రెండు చెవులూ నార్మల్. ఈయన్ని మిషన్ ముందు కూర్చోబెట్టనే లేదు. కింద సంతకం డాక్టర్ దశరథ."

రాణా ఆ సంతకం మీదికి వంగి చూశాడు.

"మిల్లులకూ ఫ్యాక్టరీలకూ ఇలాంటివే పదకొండు వందల రిపోర్టులు. ప్రమీల గారు పట్టుకున్నారు. రేపు ఉదయం ఇవ్వబోతున్నారు. పరీక్షలు చేయకుండా రిపోర్టులు అచ్చువేసింది వినోద్. సాయంత్రం ఐదింటి నుంచి మా స్టేషన్‌లోనే ఉన్నాడు. 1:22 ఫోన్‌లో విన్నది చెప్పాడు, మొండయ్య చెప్పిన మాటే."

"వాడి మాట, ఈ చెవిటివాడి మాట!" దశరథ గొంతు మొదటిసారి పెరిగింది. "పెదాలు చూసి చదివాడట! ఏ కోర్టు నమ్ముతుంది?"

"రేపు మేజిస్ట్రేట్ వస్తారు. వాంగ్మూలం అప్పుడు. ఇప్పుడు నేను ఒక్కటే అడుగుతాను."

విజేత అద్దం మీద మెల్లగా తట్టింది. లోపల నర్సు ప్రమీల ముఖం మీది ఆక్సిజన్ మాస్క్ కిందికి దించింది. విజేత రాసి తెచ్చిన కాగితాన్ని అద్దానికి ఆనించింది. 'సిరంజి డబ్బీ ఎక్కడ పెట్టారు?'

ప్రమీల కళ్లు అక్షరాల మీద కదిలాయి. పెదాలు విడిపోయాయి. చప్పుడు లేదు.

మొండయ్య అద్దం దగ్గరికి జరిగాడు.

"బ్యాగులనే ఉండె అంటుంది." ఆగాడు. ఆమె పెదాల మీంచి కళ్లు తిప్పలేదు. "చేతులు కడుక్కోను పోయేటప్పుడు బ్యాగు దీస్కపోదామనుకున్నదట. ఉంచు, నేను చూస్త అన్నడట. దశరథ."

లోపల ప్రమీల తల ఊపింది. ఒకసారి. మళ్లీ ఒకసారి. ఆమె చూపు అద్దం మీదుగా జరిగి దశరథ దగ్గర ఆగింది.

పూలగుత్తి నేలమీద పడింది. దశరథ రెండడుగులు వెనక్కి వేశాడు. లిఫ్టు ముందు హసముఖ్ నిలబడి ఉన్నాడు.

"చలో, డాక్టర్ సాహెబ్," అన్నాడు రాణా. అరెస్టు కాగితం తీసి, అందులోని పేరు కొట్టేశాడు. గోడకు ఆనించి కొత్త పేరు రాశాడు.

ఆరూ యాభై మూడు.

రఘుపతి మొండయ్య ముందుకొచ్చాడు. అతని రెండు చేతులూ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మూడు ముద్దలకే ఆపినవు," అన్నాడు చివరికి. "పళ్లెం మొత్తం తిని ఉంటే ఇక్కడిదాకా వచ్చేది కాదన్నరు డాక్టర్లు."

మొండయ్య చేతులు వెనక్కి తీసుకున్నాడు. "పళ్లెం పలిగింది సార్," అన్నాడు.

ఆసుపత్రి గేటు బయట సారక్క ఎదురుచూస్తోంది. మొండయ్య మెట్ల వైపు నడిచాడు. ఇక హోటల్ పని లేదని అతనికి తెలుసు. కాగితం బయటపడింది, చెవులు బయటపడ్డాయి.

"మొండయ్యా! రేపు పదింటికి డ్యూటీకి రా!" వెనకనుంచి ప్రణీత్ పిలిచాడు.

మొండయ్య ఆగలేదు.

ప్రణీత్ నోరు తెరిచి మళ్లీ అరవబోయి, విజేత వంక చూశాడు. గబగబా నడిచి, మెట్లు రెండు దిగి, మొండయ్య ముందు నిలబడ్డాడు. ముఖం ఎత్తి, ఒక్కో మాట విడదీసి, నోరు పెద్దగా తెరిచి చెప్పాడు.

"రే... పు. ప... దిం... టి... కి. రా."

మొండయ్య అతని పెదాల మీంచి చూపు ఎత్తాడు.

"గంత మెల్లగ చెప్పుడు అక్కెర లేదు సార్," అన్నాడు. "మామూలుగ చెప్పుండ్రి. ఎదురుంగ ఉంటె చాలు."